మంట కనపడని పొయ్యి మీద పులుసు

డబ్బు పుచ్చుకుని మన చేతే వండించుకునే హోటలు ఒకటుంటుందని ఎవరైనా చెబితే, మొన్న వేసవి దాకా నేను నమ్మేవాణ్ణి కాదు. నమ్మకపోగా, చెప్పినవాణ్ణి నాలుగు కేకలేసేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నాను, ఎందుకంటే నేనే వెళ్ళి కూర్చున్నాను. ఈ వయసులో నెత్తి మీద ఎలుగుబంటి చెవులు పెట్టుకుని మరీ కూర్చున్నాను. ఆ సంగతి చెప్పేముందు మా ఇంట్లో పొయ్యి సంగతి చెప్పాలి.

మేం కలిదిండి వైపు వాళ్ళం. కొల్లేటి గట్టున పుట్టినవాళ్ళం. నాకు బడి చదువు అబ్బలేదు. ఉప్పు పొట్లం కట్టిన కాగితం దగ్గర్నించి పంచాయతీ గ్రంథాలయంలో చెదలు తినగా మిగిలిన పుస్తకాల దాకా, దొరికిందల్లా చదివి నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి తప్పు కనబడితే నోరు ఊరుకోదు. వరి చేలు చేపల చెరువులైపోతుంటే అరిచాను. కొల్లేరు కాస్తా ఆ చెరువుల గట్ల మధ్య కాలవలా చిక్కిపోతుంటే అరిచాను. ఎవరూ వినలేదు. చివరికి మా చేనూ చెరువే అయింది. దాన్ని కౌలుకిచ్చేసి తాడేపల్లిగూడెంలో కొడుకింటికి చేరాం. కొడుకుది ఆఫీసు ఉద్యోగం, కోడలు స్కూల్లో టీచరు. ఇద్దరూ మంచివాళ్ళు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది వాళ్ళ మీద నేరం మోపుతున్నట్టు వినపడుతుంది.

మా ఆవిడకి మరపు మొదలైంది. మరీ పెద్ద మరపు కాదు. మనుషుల్ని గుర్తుపడుతుంది. మా పెళ్ళిలో ఏ బంధువు దేనికి అలిగాడో ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెబుతుంది. కాని పొయ్యి మీద పాలు పెట్టి, వాకిట్లోకి వెళ్ళి మరిచిపోతుంది. ఒకసారి గిన్నె మాడి నల్లబడింది. ఇంకోసారి పప్పు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం ఆగలేదు. నేను ముందు గదిలో పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నాను. కోడలు స్కూలు నుంచి వచ్చి, వాసన పట్టి, కిటికీలన్నీ బార్లా తెరిచి, మమ్మల్నిద్దర్నీ చేతులు పట్టుకుని బయటికి తీసుకొచ్చి, మెట్ల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ రోజు కొడుకు తల్లి పక్కన కూర్చుని, "అమ్మా, ఇంక నువ్వు పొయ్యి ముట్టుకోకమ్మా. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

"అలాగే నాయనా" అంది. అంతే. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

దేని మీదైనా అరవడానికి నాకు తిరుగులేని హక్కుందనుకునేవాణ్ణి. దీని మీద ఎవర్నని అరవను? వాడు చెప్పింది న్యాయమే. న్యాయమైన మాటకి ఎదురు లేకపోవడమంత చిరాకు ఇంకోటి లేదు.

వంటకి మనిషిని పెట్టారు. ఆమె బాగానే వండేది. మా ఆవిడ కంచం ముందు కూర్చుని, అన్నం వేళ్ళతో అటూ ఇటూ జరిపి, "ఆకలి లేదండీ" అనేది. కొన్నాళ్ళకి మజ్జిగతో సరిపెట్టేసింది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఏ జబ్బూ లేదన్నాడు, టానిక్కు రాసిచ్చాడు. జబ్బు లేని మనిషి చేతి గాజులు మోచేతి దాకా ఎందుకు జారుతున్నాయో ఆ డాక్టరు చదివిన పుస్తకాల్లో లేదు కాబోలు.

నాకు మాత్రం తెలుసు. మా ఆవిడ వండేటప్పుడు రుచి చూడదు. ఇంట్లో ఎవరూ తినకముందే ముట్టుకుంటే గిన్నె ఎంగిలవుతుందని వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. అందుకని గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, "ఏవండీ, ఉప్పు చూడండి" అనేది. నేను అరచెయ్యి చాపేవాణ్ణి. రెండు చుక్కలు వేసేది. నాలిక్కి రాసుకుని, "ఒక పలుకు వెయ్యి" అనో, "సరిపోయింది" అనో చెప్పేవాణ్ణి. పెళ్ళయిన దగ్గర్నించీ ఇదే వరస. పోట్లాడుకుని మాటలు లేని రోజుల్లో కూడా ఆ ఒక్క మాట ఉండేది. పొయ్యి పోయాక ఆ మాట పోయింది. భోజనం వేళ నా కుడి చెయ్యి ఊరికే తెరుచుకుని ఉండటం నేనే చూసుకుని, ఎవరైనా చూస్తారేమోనని ముడుచుకునేవాణ్ణి.

కొడుకు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బల్ల మీద పెట్టుకునే కరెంటు పొయ్యి ఒకటి కొని తెచ్చాడు.

"అమ్మా, దీని మీద వండుకో. దీంతో భయం లేదు."

ఆవిడ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "మంటేదిరా?"

"దీనికి మంట ఉండదమ్మా."

"మంట లేకుండా వంటేమిట్రా? అద్దంలా ఉంది, బొట్టు పెట్టుకోడానికి పనికొస్తుంది. తీసి అవతల పెట్టు."

వాడు ఇంకా ఏవేవో సుగుణాలు చెప్పాడు. అట్టపెట్టెలో ఉన్న వస్తువు గురించి చెప్పిన మాటలు ఎవరి చెవికెక్కుతాయి? ఆ పెట్టె బీరువా మీదికెక్కింది.

మా మనవరాలు ఏలూరులో ఇంజనీరింగు చదువుతోంది. కొడుకూ కోడలూ గణపవరంలో ఏదో పెళ్ళికి వెళ్ళిన రోజున ఊడిపడింది. "తాతయ్యా, ఇవాళ నా పుట్టినరోజు. మీ ఇద్దర్నీ ఏలూరు తీసుకెళ్ళి హోటల్లో తినిపిస్తాను. కాదంటే నేనూ మామ్మలాగే అన్నం మానేస్తాను" అంది.

"నాకు మజ్జిగ చాలే తల్లీ" అంది మా ఆవిడ.

"అక్కడికొచ్చి తాగుదువుగాని, పద."

బస్సులో ఉంగుటూరు దాటేదాకా ఆ హోటలు సంగతి దాని నోట్లోంచి రాలేదు. దాటాక చెప్పింది, అది జపాను భోజనమని.

"జపాను వాళ్ళు ఏలూరెందుకొచ్చారే?"

"వాళ్ళు రాలేదు తాతయ్యా, భోజనం వచ్చింది."

బట్టల కొట్టు పైన మేడ మీద ఉంది హోటలు. లోపల అడుగుపెట్టగానే ఎటు చూసినా ఎలుగుబంట్లు. గోడల మీద, దీపాల మీద, నీళ్ళ గ్లాసుల మీద, అన్నీ నవ్వుతూ బుగ్గలు ఎర్రగా. అడివిలో ఎలుగుబంటిని చూసినవాడెవడూ దానికి బుగ్గలు గియ్యడు. వడ్డించే అమ్మాయి గోదారి జిల్లా పిల్లే, నెత్తిన గుండ్రటి చెవులు పెట్టుకుని, "రండి తాతగారూ, ఇలా కూర్చోండి" అంటూ నాకూ ఒక జత తగిలించింది. నేను నోరు తెరిచేలోపు మనవరాలు ఫోటో తీసేసింది. మేం ముగ్గురం. బల్లకి నాలుగు కుర్చీలు. నాలుగో దాంట్లో మనిషంత ఎలుగుబంటి బొమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది.

"వీడెవడు?"

"బల్లకి ఒకటుంటుందండి. ఒక్కరే వచ్చినవాళ్ళకి తోడుగా ఉంటుందనండి" అంది చెవుల పిల్ల.

మనుషులకి తోడు కరువైపోయి గుడ్డ పేలికల్ని కూర్చోబెట్టుకునే రోజులొచ్చాయన్నమాట! ఈ ముక్క నేను కాస్త గట్టిగానే అన్నాను. పక్క బల్ల వాళ్ళు చూశారు. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఊరుకోండీ, వాడేం చేశాడు" అంది.

బల్ల మధ్యలో గిన్నె పెట్టారు. పక్కన పళ్ళేలు. పువ్వుల్లా కోసిన కేరట్లు, తెల్ల ముల్లంగి, పుట్టగొడుగులు, ఆకుకూరలు, పల్చగా కోసిన చేప ముక్కలు. అన్నీ పచ్చివే. అన్నం కూడా ఎలుగుబంటి ఆకారంలోనే పెట్టి, మీద ఆమ్లెట్టు దుప్పటిలా కప్పారు. నిద్రపోతున్నవాణ్ణి తినమంటున్నారు.

"వీటినెవరు వండుతారు?"

"మనమే తాతయ్యా. మధ్యలో గిన్నె, చుట్టూ మనం. కావల్సింది ఉడకబెట్టుకుంటూ తినడమే. అదే దీని గొప్ప."

"తరిగిన కూరలు చేతికివ్వడానికి హోటలెందుకే? రైతు బజారుందిగా!"

ఇంతలో గిన్నెలోకి చూశాను. నీళ్ళు లేవు, చారు లేదు. తెల్లగా, జున్నుముక్కలా ఓ ఎలుగుబంటి కూర్చుని ఉంది. కోడి చారునే గడ్డకట్టించి అలా పోత పోశారట. చెవుల పిల్ల బల్ల అంచున ఏదో నొక్కింది. కాసేపటికి అది అడుగు నుంచి కరగడం మొదలుపెట్టింది. నడుం దాకా, తర్వాత మెడ దాకా మునిగి, ఇంకా నవ్వుతూనే ఉంది.

"అయ్యో పాపం, స్నానానికి దిగి కరిగిపోతున్నాడండీ" అంది మా ఆవిడ. ఆమె ముందుకు వంగి చూస్తోంది. చాలా నెలలుగా ఆమె దేనివైపూ అలా వంగి చూడలేదు.

చారు తెర్లగానే మనవరాలు చేప ముక్కల పళ్ళెం ఎత్తి గిన్నెలోకి వంపబోయింది.

"ఆగు, ఆగు! చేప ముందేస్తావుటే? ఆ దుంప ఉడికేసరికి ఇది పీచైపోదూ? ఇంజనీరింగుట ఇంజనీరింగు. ఇలా తే!"

పళ్ళెం ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది. గాజులు పైకి తోసుకుంది. ముల్లంగి ముందు, తర్వాత కేరట్లు, ఆపైన పుట్టగొడుగులు. ఆకుకూర వాసన చూసి పక్కన పెట్టింది. మనవరాలు నా కాలు తొక్కింది. నేను చెవులు సర్దుకుంటూ ఎటో చూశాను.

చారు గరిటెతో ఎత్తి వాసన చూసి, "ఇది పథ్యం చారులా ఉందమ్మా" అని చెవుల పిల్లని పిలిచింది. "అమ్మాయ్, కాస్త చింతపండు ఉందా?"

"మెనూలో లేదండి..." అని ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మేం తినడానికి వెనకాల వేరే వండుకుంటామండి. అందులోది తెస్తానుండండి."

చింతపండు రసం, కారం, ఓ నాలుగు పచ్చిమిరపకాయలు వచ్చాయి, ఎలుగుబంటి మొహం ఉన్న కప్పుల్లో. జపాను వాళ్ళు చూస్తే ఏమనేవాళ్ళో నాకు తెలియదు. గిన్నె రంగు మారింది. వాసన లేచేసరికి పక్క బల్ల వాళ్ళు మళ్ళీ చూశారు. ఈసారి వాళ్ళు చూసింది నన్ను కాదు.

"ఏవండీ, వరదప్పుడు ఇలాగే తిన్నాం కదూ?" అంది.

పెళ్ళయిన కొత్తలో కొల్లేరు పొంగి మా వాకిట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. వంటిల్లు మునిగింది. ఇంటిల్లిపాదీ ఎత్తరుగు ఎక్కి, మధ్యలో కుంపటి పెట్టుకుని, నీళ్ళలో చేతికి దొరికిన జెల్ల చేపల్ని పులుసు పెట్టుకుని చుట్టూ కూర్చుని తిన్నాం. మగవాళ్ళ పంక్తి, ఆడవాళ్ళ పంక్తి అని వేరు చెయ్యడానికి చోటు లేదు. కొత్త కోడలు అందరితో పాటు, అందరి మధ్య కూర్చుని తిన్నది ఆ వరదలోనే. మా నాన్న గట్టు తెగిందని బెంగపడుతుంటే ఈవిడ మాత్రం లోలోపల సంతోషంగా ఉంది. "గుర్తుంది" అన్నాను.

చేప ముక్కలు వేసింది. మా వైపు చేప పడ్డాక పులుసులో గరిటె పెట్టరు. పెడితే ముక్క చితుకుతుంది. గిన్నెని రెండు చేతులా పట్టుకుని, కాస్త ఎత్తి గుండ్రంగా కదపాలి, పులుసే ముక్క చుట్టూ తిరగాలి. ఆవిడకి అది ఆలోచించి చేసే పని కాదు. కొంగు మడిచి గిన్నె చెవులు రెండూ పట్టుకుని ఎత్తి ఒక్క తిప్పు తిప్పింది.

కీ... కీ... కీ... అని అరుపు. బల్ల కిందనో, గోడలోనో, ఎక్కడో తెలియలేదు. హోటలంతా మా వైపు తిరిగింది.

ఆవిడ గిన్నెని బల్ల మీద పక్కకి దింపేసింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టేసుకుంది. మొహం కోడలు ఏడ్చిన రోజున ఉన్నట్టే అయిపోయింది.

"ఏదో చేసేశాను. నాకు వద్దని చెప్పాను కదుటే అమ్మా... ఏవండీ, వెళ్ళిపోదాం పదండి. ఏదైనా అంటుకుంటుందేమో చూడమనండి."

"ఏం కాలేదు మామ్మా..." మనవరాలు ఆమె చెయ్యి పట్టుకుంది. ఊరందరి మీదా లేచే నోరు అప్పుడు లేవలేదు. ఈ గిన్నె ఇలా పక్కన ఉండిపోతే ఇంక ఈ మనిషి ఏ గిన్నె జోలికీ పోదు, ఏ కంచం జోలికీ పోదు అన్నది మాత్రం స్పష్టంగా కనబడుతోంది.

చెవుల పిల్ల పరుగెత్తుకొచ్చింది. "ఏం పర్లేదండి మామ్మగారూ! గిన్నె ఎత్తితే ఇది అలాగే అరుస్తుందండి. మళ్ళీ పెట్టండి, ఊరుకుంటుంది."

"ఎత్తినందుకా?"

"అవునండి. పెట్టకుండా వదిలేస్తే అదే ఆగిపోతుందండి. మొన్నోరోజు ఈ బల్ల వాళ్ళు కబుర్లలో పడి పొయ్యి మర్చిపోయారండి. అప్పుడు కూడా దానంతటదే ఆగిపోయింది."

మా ఆవిడ తల ఎత్తింది. "మర్చిపోయినా?"

"మర్చిపోయినా సరేనండి."

"మర్చిపోయినా అదే ఆగిపోతుందా?"

"ఆయ్, ఆగిపోతుందండి. ఎంతసేపుండాలో ముందే నొక్కి పెడతామండి."

ఆవిడ వంగి బల్ల కింద చూసింది. గిన్నె ఉన్న చోట తడిమి చూడబోతే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. నల్లటి అద్దం, బల్లలోకి దిగ్గొట్టి ఉంది. "మంటేదీ?"

"ఇందులో మంట ఉండదండి."

మనవరాలు నా వైపు చూసింది, నేను దాని వైపు చూశాను. మా ఇద్దరికీ ఒక్కసారే బీరువా మీది పెట్టె కనబడింది. ఆవిడకీ అప్పుడే కనబడిందని మొహం చూస్తే తెలుస్తోంది.

"వాడు తెచ్చింది ఇదేనా?" అంది మెల్లిగా.

"ఇదే మామ్మా."

ఆవిడ కొంగు మళ్ళీ మడిచింది. గిన్నె ఎత్తి అద్దం మీద పెట్టింది. అరుపు ఆగింది. పులుసు మళ్ళీ కుతకుతలాడాక, కావాలనే ఓసారి ఎత్తింది. కీ అంది. పెట్టేసింది. ఊరుకుంది. చిన్నపిల్లని ఏడిపించి ఊరుకోబెట్టినట్టు ఇంకోసారి చేసింది. ఆవిడ పెదవుల చివర నవ్వొచ్చింది.

గరిటెతో కాస్త పులుసు అంచు నుంచి తీసింది. అది హోటలని, చుట్టూ జనం ఉన్నారని, పక్కనే చెంచాలున్నాయని ఆవిడకి పట్టలేదు.

"ఏవండీ, ఉప్పు చూడండి."

నా చెయ్యి అప్పటికే చాపి ఉంది. రెండు చుక్కలు వేడిగా పడ్డాయి. నాలిక్కి రాసుకున్నాను. ఉప్పు ఎంత ఉందో నిజంగా నాకు తెలియలేదు.

"చెప్పరేం? తక్కువయిందా?"

"సరిపోయింది" అన్నాను. తర్వాత తింటే ఒక పలుకు తక్కువే.

ఆవిడ వడ్డించింది. ముందు నాకు, తర్వాత మనవరాలికి. చెవుల పిల్లని, "నువ్వూ రుచి చూడమ్మా, చింతపండు నీదేగా" అని వదలకుండా ఓ చిన్న కప్పులో పోసిచ్చింది. నాలుగో గిన్నె తీసుకుని ఎలుగుబంటి ముందు పెట్టి దాంట్లోనూ అన్నం, పులుసు, ఓ చేప ముక్క వేసింది.

"అదేమిటే, బొమ్మకి వడ్డిస్తున్నావ్?"

"పంక్తిలో కూర్చున్నవాడి ముందు ఖాళీ గిన్నె ఉంచుతారుటండీ? ఏం చదువుకున్నారో ఏమో!"

మనవరాలు బలవంతం చేస్తే తనకీ కాస్త పెట్టుకుంది. ఆ కాస్తా తినేసింది. అడుగున ఉన్న పులుసు అన్నంలో కలుపుకుని, చేత్తోనే, చక్కగా నాకింది. తర్వాత ఎలుగుబంటి వైపు చూసింది.

"వాడెటూ తినడు. పారేస్తే పాపం" అని ఆ గిన్నె కూడా దగ్గరికి లాక్కుంది.

అంతసేపూ నేను మాట్లాడితే ఎక్కడ ఆపేస్తుందోనని నోరు కట్టేసుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత బుద్ధిగా ఏ భోజనాలకీ కూర్చోలేదు.

మర్నాడు కొడుకు వచ్చేసరికి పెట్టె బీరువా మీది నుంచి దిగి, భోజనాల బల్ల మీద ఉంది. తల్లి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. వాడు చెప్పులైనా విప్పకుండా నిలబడిపోయాడు.

"నాన్నా, అమ్మ పొయ్యి దగ్గరా?"

ఈసారి నా దగ్గర మాటలున్నాయి. ఒకటి కాదు, రాత్రంతా దాచుకున్నవి చాలా ఉన్నాయి. కాని ఆవిడే అడ్డొచ్చింది. "నువ్వు తెచ్చిందేరా. ఆ రోజు నువ్వు సరిగ్గా చెప్పలేదు. మర్చిపోయినా అదే ఆగిపోతుందని చెప్పాలి ముందు. బొట్టు అద్దంలా మెరుస్తుందని చెబితే ఎవరిక్కావాలి?"

"బొట్టు మాట నువ్వే అన్నావు కదమ్మా" అని వాడు నవ్వబోయి, తల్లి పక్కన కూర్చుండిపోయాడు. కోడలు వచ్చి రెండు షరతులు పెట్టింది. గ్యాసు పొయ్యి జోలికి పోకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇదీ వెలిగించకూడదు. "మీ మావగారు ఎక్కడికి పోతారమ్మా, ఇక్కడే పడుంటారుగా" అంది మా ఆవిడ. అలా నాకు ఈ వయసులో కాపలా ఉద్యోగం దొరికింది. పేపరు ముందు గదిలోంచి భోజనాల బల్ల దగ్గరికి మార్చుకున్నాను.

మరపు తగ్గలేదు. మొన్న ఉప్పు రెండుసార్లు వేసింది. నా అరచేతి మీదే తెలిసింది కాబట్టి ఇంకొన్ని నీళ్ళు పోసి సర్దుకున్నాం. రేపు ఇంకేం మరిచిపోతుందో నాకు తెలియదు, ఆ సంగతి ఆలోచిస్తే కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియని కోపం. గాజులు మాత్రం మళ్ళీ మణికట్టు దగ్గరే ఆగుతున్నాయి.

ఇది రాస్తుంటే ఎదురుగా పులుసు మరుగుతోంది. ఇప్పుడే కొంగు మడిచి గిన్నె ఎత్తింది. పొయ్యి గోల మొదలెట్టింది. ఆవిడ దాన్ని కసురుతోంది.

"అరవకే తల్లీ, పెడుతున్నానుగా. ఎంత తొందరే నీకు! ఏవండీ, ఆ కలం అవతల పెట్టి చెయ్యి చాపండి."